చీటీతో పన్ను నయమవుతుందా?

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2010 నవంబరులో జవహర్ బాల ఆరోగ్య రక్ష మొదలైంది. 2013 ఫిబ్రవరిలో కేంద్రం రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం పెట్టి, పుట్టినప్పటి నుంచి 18 ఏళ్ల దాకా పిల్లల్లో వెతకాల్సిన జబ్బుల జాబితాలో పుచ్చు పళ్లను కూడా చేర్చింది. ఇద్దరు ఆయుష్ డాక్టర్లు, ఒక ఏఎన్ఎం, ఒక ఫార్మసిస్టు కలిసిన బృందం అంగన్‌వాడీకి ఏడాదికి రెండుసార్లు, బడికి ఒకసారి రావాలి. అంటే పిల్లల నోళ్లు చూడటానికి ఏర్పాటు జరిగింది. చూశాక ఏం చెయ్యాలి? మార్పు రావాల్సింది అక్కడే. అది ఎలాంటి మార్పు అన్నదే ఈ వాదన. ఒకరు ప్రభుత్వాసుపత్రిలో పనిచేసే పళ్ల డాక్టరమ్మ. మరొకరు ప్రకాశం జిల్లా దర్శి వైపు ఒక పల్లెలో ప్రధానోపాధ్యాయుడు. పరీక్షలు చేసిన బృందం వెళ్లిపోయాక, బడి వరండాలో ఇద్దరే మిగిలారు. ఇద్దరూ పిల్లల మేలు కోరేవాళ్లే కాబట్టి ఈ తగువు వినదగ్గది. పేర్లతో పని లేదు.

డాక్టరు: మాస్టారూ, మూడో తరగతి అమ్మాయిని ఇంకోసారి పిలుస్తారా? ఆఁ, ఇలా కూర్చోమ్మా, నోరు తెరువు. మాస్టారూ, ఫోను లైటు కాస్త కిందికి పట్టండి. పాలపళ్ల వెనక చివరన ఒక పెద్ద పన్ను ఉంది చూడండి. నమిలే వైపు సన్నటి గాడులు ఉన్నాయి. గాడిలో ఇరుక్కున్నది ఇందాక తిన్న చిక్కీ. అది తీసేస్తే కింద నల్ల చుక్క. పనిముట్టు మొన ఆనించానో లేదో మెత్తగా దిగుతోంది. ఇది పాలపన్ను కాదు, ఆరో ఏట వచ్చే దవడ పన్ను. దీనికోసం ముందు ఏ పన్నూ ఊడదు, వెనక ఖాళీలో చప్పుడు లేకుండా మొలుస్తుంది. అందుకే ఇంట్లోవాళ్లు ఇదీ ఊడిపోయేదేలే అనుకుంటారు. జీవితాంతం ఉండాల్సిన పన్ను ఇది.

మాస్టారు: చూశానమ్మా. దానికి ఒంగోలు ఆసుపత్రికి చీటీ కూడా రాశారుగా.

డాక్టరు: పోయినేడూ రాశారు. ఆరోగ్య కార్డులో మడతపెట్టి అలాగే ఉంది. అప్పుడూ ఇదే పన్ను.

మాస్టారు: వాళ్లమ్మ పొగాకు పనికి పోతుంది. ఒంగోలు వెళ్లి రావాలంటే ఆ రోజు కూలి పోయినట్టే. పైగా బస్సు చార్జీలు. అక్కడ ఆ రోజే పని అవుతుందన్న నమ్మకం ఉందా? ముందు ఓపీ, తర్వాత ఎక్స్‌రే, తర్వాత ఇంకో రోజు రమ్మంటారు. పిల్ల ఏడుస్తుంటే, చెంప వాస్తే తీసుకెళ్తుంది. చుక్క కనిపించిందని తీసుకెళ్లదు. ఆవిడను నేను తప్పు పట్టను.

డాక్టరు: నేనూ పట్టను. అందుకే అంటున్నా, ఈ చీటీల పద్ధతి మానేద్దాం. ఏ పన్నుకు ఇక్కడ వైద్యం చెయ్యగలమో దానికి ఇక్కడే, ఈ వరండాలోనే చేసేద్దాం. దంతవైద్య మండలి 2002-03లో చేసిన జాతీయ సర్వేలో పన్నెండేళ్ల పిల్లల్లో 53.8 శాతం మందికి పుచ్చు పళ్లున్నాయి. పదిహేనేళ్లకు అది 63.1 శాతం. ఇంతమందినీ చీటీ చేతికిచ్చి పట్నం పంపి, కుర్చీలో కూర్చోబెట్టి, డ్రిల్లుతో వైద్యం చెయ్యడం జరిగే పని కాదు. జరగలేదు కూడా.

మాస్టారు: ఇక్కడే అంటే? బడిలో పళ్లు పీకుతారా?

డాక్టరు: పీకే దాకా రాకుండా చూసే పనులే చేస్తాం. గాడులు ఉండి ఇంకా పుచ్చని పన్నుకు పూత వేసి మూసేస్తాం. పుచ్చు మొదలైనదానికి సిల్వర్ డయామైన్ ఫ్లోరైడ్ అనే మందు పూస్తాం. పన్ను తుడిచి, ఆరబెట్టి, చిన్న బ్రష్షుతో ఒక చుక్క పూసి నిమిషం ఆగడమే. సూది లేదు, డ్రిల్లు లేదు. అందులోని వెండి క్రిముల్ని చంపుతుంది, ఫ్లోరైడు మెత్తబడ్డ పన్నును గట్టిపరుస్తుంది. ఆరు నెలలకు మళ్లీ చూసి, కావాలంటే మళ్లీ పూస్తాం. గుంట పడి ఉంటే చేతి పనిముట్టుతో గీకి గ్లాస్ అయానమర్ సిమెంటు పెడతాం. కరెంటే అక్కర్లేదు. ఆఫ్రికాలో టాంజానియాలో 1980లలో ఈ పద్ధతి మొదలైందే కరెంటు లేని చోట్ల కోసం. పళ్లకు వాడే ఈ మందునూ ఈ సిమెంటునూ ఫ్లోరైడు టూత్‌పేస్టునూ ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో అత్యావశ్యక ఔషధాల జాబితాలో చేర్చింది. పాత వెండి సిమెంటులో పాదరసం ఉంటుంది. పాలపళ్లకూ, పదిహేనేళ్ల లోపు పిల్లలకూ అది వాడొద్దని 2022లో మినమాటా ఒప్పంద దేశాలు నిర్ణయించాయి. మన దేశమూ అందులో ఉంది. అంటే పిల్లల పళ్ల వైద్యమే మారిపోయిందండీ. మన ఏర్పాట్లే ఇంకా పాతవి.

మాస్టారు: ఆ మందు పూస్తే పన్ను నల్లబడుతుందని విన్నాను.

డాక్టరు: పుచ్చిన చోటు నల్లబడుతుంది. బాగున్న పన్ను నల్లబడదు.

మాస్టారు: అదే చెప్తున్నా. మీరు ఎక్కడ నిలబడి మాట్లాడుతున్నారో చూడండి. మన దేశంలో ఫ్లోరైడు జబ్బును 1937లో మొదటగా బయటపెట్టింది మద్రాసు ప్రెసిడెన్సీలోని ఈ పల్లెల్లోనే. అప్పుడు దర్శి, పొదిలి నెల్లూరు జిల్లాలో ఉండేవి. మా నాన్న పళ్లు గోధుమరంగు. నా పళ్లు చూడండి, అడ్డంగా చారలు. పెళ్లిచూపుల్లో పెదవి విప్పని ఆడపిల్లలు పెరిగిన ఊళ్లివి. గ్రూపు ఫొటోలో నవ్వమంటే చెయ్యి అడ్డం పెట్టుకునే పిల్లలు ఇప్పటికీ నా బడిలో ఉన్నారు. అలాంటి చోటికి వచ్చి నల్లమచ్చ పడే మందు పూస్తానంటారా? పైగా దాని పేరులోనే ఫ్లోరైడు. బోరునీళ్లలో ఉన్న ఫ్లోరైడు మీద తరాలుగా పోరాడుతున్నాం. ఇప్పుడు అదే పిల్లల నోట్లో పెడితే తల్లులు ఊరుకుంటారా? నేను మాత్రం ఏమని చెప్పను?

ఇక్కడ నేను కలగజేసుకోవాలి. మాస్టారు లేవనెత్తింది చిన్న అభ్యంతరం కాదు. ఈ ప్రాంతంలో పంటిమీద మచ్చ అంటే ఊరి నీటికీ పేదరికానికీ గుర్తు. అది తెలియకుండా వచ్చే ఏ ఆరోగ్య పథకమైనా వరండా దాటి లోపలికి పోలేదు.

డాక్టరు: రెండు ప్రశ్నలు కలిపి అడిగారు. ముందు ఫ్లోరైడు సంగతి. మీ చారలు బయట పూసినదానివల్ల వచ్చినవి కావు. దవడ ఎముక లోపల పన్ను తయారవుతున్న వయసులో, సుమారు ఎనిమిదేళ్ల లోపు, రోజూ కడుపులోకి పోయిన నీటివల్ల వచ్చినవి. ప్రపంచ ఆరోగ్య సంస్థ లీటరు నీటికి 1.5 మిల్లీగ్రాములు మించకూడదంటుంది. కొన్ని బోర్లలో అంతకు మించి ఉండేది. నేను పూసేది ఒక్క చుక్క. అదీ పైకి వచ్చేసిన పన్నుమీద, ఏడాదికి ఒకటి రెండుసార్లు. అయినా మీ మాటలో ఒక సబబు ఉంది. నీళ్లలో ఫ్లోరైడు ఎక్కువున్న ఊళ్లో పిల్లలందరికీ ఒకే లెక్కన ఫ్లోరైడు వార్నిష్ పూయమని నేను అడగను. పుచ్చిన పన్నుకే మందు. టూత్‌పేస్టు కూడా చిన్నపిల్లలకు బియ్యపుగింజంత, ఆ తర్వాత బఠాణీగింజంత. మింగకుండా ఉమ్మేలా పెద్దవాళ్లు పక్కన ఉండాలి. ఇంకో మాట, చారలున్న పన్ను పుచ్చదని అనుకోకండి. అదీ పుచ్చుతుంది. ఏది మచ్చ, ఏది పుచ్చు అని తేడా పట్టాలంటే చూసేవాళ్లకు శిక్షణ ఉండాలి.

మాస్టారు: మరి నలుపు సంగతి?

డాక్టరు: ముందు పళ్లకు పూయను. తల్లి కోరితే తప్ప. దవడ పాలపళ్లకూ, ఇదిగో ఈ ఆరేళ్ల పన్ను గాడికీ పూస్తాను. నోరంతా తెరిస్తే తప్ప కనపడదు. మీదనుంచి తెల్ల సిమెంటు కూడా పెట్టొచ్చు. పూసే ముందు నల్లబడిన పన్ను ఫొటో తల్లికి చూపించి, ఇలా అవుతుంది, మీకు ఇష్టమేనా అని అడుగుతాను. వద్దంటే వద్దు.

మాస్టారు: పట్నంలో స్కూలు ఫీజు లక్ష కట్టే పిల్లవాడికి ఇదే చేస్తారా? అక్కడ తెల్లటి ఫిల్లింగు, చుట్టూ బొమ్మలున్న గది. ఇక్కడ వరండాలో నల్ల చుక్క. చవక వైద్యం ఎప్పుడూ సర్కారు బడికే వస్తుంది తల్లీ.

డాక్టరు: పట్నంలో పిల్లల పళ్ల డాక్టర్లూ ఇది పూస్తున్నారు. మూడేళ్ల పిల్లాడు డ్రిల్లుకు కుర్చీలో ఆగడు కదా, వాడికి మత్తు ఇవ్వకుండా నెట్టుకురావడానికి ఇదొక దారి. జపానులో ఇది 1970 నుంచి వాడుకలో ఉంది. న్యూయార్క్ ప్రభుత్వ బడుల్లో వేలమంది పిల్లల మీద పెద్ద పరిశీలన చేశారు. గాడులు మూసే పూత ఎంత కాపాడిందో ఈ మందూ అంతే కాపాడిందని 2024లో వెలువడిన ఫలితాల్లో తేలింది. నర్సులు పూసినా ఫలితం తగ్గలేదు.

మాస్టారు: న్యూయార్క్‌లోనూ పేదపిల్లల బడుల్లోనే చేసి ఉంటారు.

డాక్టరు: అవును, పేద కుటుంబాల పిల్లలే ఎక్కువ. వాళ్ల పళ్లే ఎక్కువ పుచ్చుతాయి, వాళ్లకే వైద్యం ఆలస్యమవుతుంది. మందు ముందు అక్కడికే పోవాలి.

మాస్టారు: సరే, ఇంకో దేశం సంగతి నేను చెప్తాను. న్యూజీలాండ్‌లో 1921లోనే బడి పళ్ల సేవ మొదలైందని చదివాను. ఆడపిల్లలకు రెండేళ్ల శిక్షణ ఇచ్చి, బడి ఆవరణలోనే క్లినిక్కులు కట్టి పెట్టారు. ఆ క్లినిక్కును పిల్లలు ఏమని పిలిచేవాళ్లో తెలుసా? హత్యల కొంప అని. ఆ డ్రిల్లు, ఆ నొప్పి వాళ్లు ముసలివాళ్లయ్యాక కూడా చెప్పుకున్నారు. చివరికి ఈ శతాబ్దం మొదట్లో ప్రభుత్వమే చాలా బడి క్లినిక్కులు మూసి, కొన్ని బడులకు కలిపి ఒక పెద్ద క్లినిక్కు, దానికి తోడు వ్యాన్లు పెట్టింది. అంటే ఎనభై ఏళ్లకు పైగా చేసినవాళ్లే బడి సరైన చోటు కాదని తేల్చారు.

డాక్టరు: మూసింది వైద్యం కాదు మాస్టారూ, పాత గదులు. ఎక్స్‌రే, పనిముట్ల శుద్ధి, కొత్త కుర్చీలు పెట్టాలంటే ఆ చిన్న గదులు సరిపోలేదు. పద్దెనిమిదో పుట్టినరోజు దాకా పిల్లలకు పళ్ల వైద్యం అక్కడ ఇప్పటికీ ఉచితమే. కానీ క్లినిక్కు దూరం జరిగేసరికి పిల్లల్ని తీసుకెళ్లే భారం తల్లిదండ్రుల నెత్తిన పడింది. ఆ సంగతి వాళ్ల అనుభవమే చెప్తోంది. భయం గురించి మీరన్నది మాత్రం నిజం. ఆ రోజుల్లో ప్రతి చుక్కనూ తొలిచి నింపేవాళ్లు. ఇవాళ ఆ తొలవడమే అక్కర్లేదంటున్నా. వాళ్లను చూసే మలయా, అంటే ఇప్పటి మలేసియా, 1949లో పెనాంగ్‌లో ఇలాంటి శిక్షణ మొదలుపెట్టింది. బడిలో వైద్యం చేసేది ఎప్పుడూ డాక్టరే కానక్కర్లేదు.

మాస్టారు: డాక్టరు కాకపోతే ఎవరు? మా టీచర్లా? గుడ్డు లెక్క మాదే, చిక్కీ లెక్క మాదే. రాగిజావ మేమే పొయ్యాలి. ఐరన్ మాత్ర మేమే మింగించాలి. ఫిబ్రవరిలో నులిపురుగుల మాత్ర, భోజనం ఫొటో, అన్నీ యాప్‌లో ఎక్కించాలి. ఇప్పుడు పళ్లు కూడా పెడితే, మూడో తరగతి పిల్లకు కూడికలు ఎవరు నేర్పుతారు?

డాక్టరు: టీచరు చెయ్యి పడకూడదు. అది నా షరతు కూడా. 1948 దంతవైద్యుల చట్టంలోనే డెంటల్ హైజీనిస్టులకు, అంటే నోటి శుభ్రత చూసే సిబ్బందికి, చోటుంది. 2023లో దాని స్థానంలో జాతీయ దంతవైద్య కమిషన్ చట్టం వచ్చింది. చట్టంలో ఉన్న ఉద్యోగం పల్లెల్లో ఎందుకు లేదు? దేశంలో 300కు పైగా దంతవైద్య కళాశాలలున్నాయి. బీడీఎస్ పాసై, పట్నంలో ఒక వీధికి నలుగురుగా క్లినిక్కు పెట్టుకుని రోగుల కోసం చూసే కుర్రవాళ్లను ఎంతమందినో చూస్తున్నాను. మండలానికి ఒక బీడీఎస్, ఒక హైజీనిస్టు, ఒక పెట్టెలో పనిముట్లు. ఆరోగ్య బృందంతోనే తిరుగుతారు. టీచరు చెయ్యాల్సింది పిల్లల్ని వరసలో కూర్చోబెట్టడం. అంతే.

మాస్టారు: ఆ పెట్టె ఎన్నాళ్లు తిరుగుతుంది? కెనడాలో సస్కాచెవాన్ రాష్ట్రంలో 1974లో బడుల్లో పిల్లల పళ్ల పథకం గొప్పగా మొదలైందట. 1987లో ప్రభుత్వం బడిలో వైద్యం ఆపి, ప్రైవేటు క్లినిక్కులకు పొమ్మంది. పనిచేసేవాళ్లు వందలమంది ఇంటికి పోయారు. మన దగ్గర 2010 నుంచి పథకాల పేర్లు ఎన్ని మారాయో మీకే తెలుసు. తిరిగే పెట్టె ఏ రోజైనా ఆగిపోతుంది. ఆసుపత్రిలో బిగించిన కుర్చీ, మంజూరైన పోస్టు అంత తేలిగ్గా పోవు. అందుకే నేను అడిగేది ఒకటే. మా దగ్గరి ఆసుపత్రిలో పళ్ల కుర్చీ, దానిమీద రోజూ కూర్చునే డాక్టరు, నెలకోసారి పిల్లల్ని తీసుకెళ్లి తెచ్చే బండి. మిగతాది మాకొద్దు.

మాస్టారి వాదనలో ఇదే గట్టి భాగం. జాతీయ నోటి ఆరోగ్య కార్యక్రమం 2014-15లో మొదలైనప్పుడు ఆసుపత్రుల్లో పళ్ల విభాగాలకు సిబ్బంది, పరికరాలు, సామగ్రి ఇవ్వడం దాని ఉద్దేశాల్లో ఒకటి. కుర్చీ వచ్చి, డాక్టరు రాకపోతే అది పాత సామాను గదికి చేరుతుంది. డాక్టరు వచ్చి సిమెంటు రాకపోతే, ఆ డాక్టరు చేతిలో మిగిలేది పన్ను పీకే పటకారే.

డాక్టరు: ఆ కుర్చీ నాకూ కావాలి. వరండాలో నేను చెయ్యలేని పళ్లు ఉంటాయి. చీము పట్టినవి, నరం దాకా పోయినవి, రాత్రిళ్లు నిద్రపోనివ్వనివి. వాటికి ఎక్స్‌రే కావాలి, మత్తు సూది కావాలి, శుభ్రమైన గది కావాలి. వెనక ఆ కుర్చీ లేకుండా బడిలో మందు ఒక్కటే పూస్తానంటే మీరన్నట్టు అది చవక వైద్యమే. కానీ ఇవాళ చూసిన పిల్లల్లో కుర్చీ తప్పనిసరైనవాళ్లు కొందరే. మిగతావాళ్ల పళ్లు ఇక్కడే ఆగుతాయి. అందర్నీ బండెక్కించి తీసుకెళ్తే, ఆ కుర్చీ దగ్గర నిజంగా అవసరమైన పిల్ల వరసలో చివరికి పోతుంది. బండికి ఎవరు తోడు వస్తారు? మళ్లీ మీరే కదా, లేకపోతే కూలి మానుకున్న తల్లి.

మాస్టారు: తోడుకు ఆశా కార్యకర్త వస్తుంది.

డాక్టరు: ఆవిడకూ యాప్‌లున్నాయి మాస్టారూ.

మాస్టారు: (కాసేపు ఆగి) సంతకం లేకుండా ఒక్క పిల్ల నోట్లోనూ చెయ్యి పెట్టకూడదు. తల్లి వేలిముద్ర వేసేదైతే నేనే చదివి వినిపించాలి. ఏం పూశారో, ఏ పన్నుకో తెలుగులో రాసి ఇవ్వాలి. ఆరు నెలలకు మళ్లీ వస్తామని తేదీ వెయ్యాలి. ఆ తేదీకి రాకపోతే?

డాక్టరు: రాకపోతే మీరు అడగాలి.

మాస్టారు: అడిగితే ట్రాన్స్‌ఫర్లు నాకే గానీ మీకు కాదు.

డాక్టరు: నాకూ అవుతాయి.

మాస్టారు: చిక్కీ మానిపించమని మాత్రం అడగొద్దు. పిల్లలకు రక్తం లేక కళ్లు తేలేస్తున్నారు.

డాక్టరు: మానిపించను. బెల్లం, వేరుశనగ మంచివే. తిన్నాక నోట్లో నీళ్లు పోసుకుని గట్టిగా పుక్కిలించమనండి. దానికి యాప్ అక్కర్లేదు. ఫిలిప్పీన్స్‌లో ఎన్నో బడుల్లో పిల్లలంతా రోజూ ఒకేసారి చేతులు కడుక్కుని పళ్లు తోముకుంటారు. స్కాట్లండ్‌లో 2006 నుంచి నర్సరీ పిల్లలు బడిలోనే తోముకుంటున్నారు. మనకు ముందు కుళాయిలు కావాలి, ఆ మాట ఒప్పుకుంటాను.

మాస్టారు: రెండు కుళాయిలున్నాయి. ఒకటి పనిచేస్తుంది.

వాళ్ల మాటలు అక్కడితో ఆగలేదు. తర్వాతి సంగతి కుళాయి బిల్లు, పంచాయతీ, వగైరా. నా తీర్పు చెప్తాను. బడిలోనే వైద్యం చెయ్యాలన్న డాక్టరు మాటతో నేను ఏకీభవిస్తాను. పదేళ్లు దాటి చీటీలు రాశాం. చీటీ పన్నును ఆపలేదు, చీటీ రాశామన్న లెక్కే మిగిలింది. చుక్కగా ఉన్నప్పుడు నిమిషం పూతతో చాలావరకు ఆపగలిగే జబ్బును, పిల్ల చెంప వాచే దాకా ఆగమని పరోక్షంగా చెప్పే పద్ధతి ఇది. అయితే మాస్టారి షరతుల్లో మూడు లేకుండా ఇది మొదలుపెట్టకూడదు. తల్లికి తెలిసేలా చెప్పి తీసుకున్న ఒప్పుదల ఉండాలి. దగ్గరి ఆసుపత్రిలో నిజంగా మనిషి కూర్చునే పళ్ల కుర్చీ ఉండాలి. ఫ్లోరైడు నీటి ఊళ్లకు వేరే జాగ్రత్త ఉండాలి. ఈ మూడూ లేకుండా మందు పూస్తే, తల్లులు రెండో ఏడు పిల్లల్ని ఆ రోజు బడికి పంపడమే మానేస్తారు.

ఇది చదువుతున్నవాళ్లలో ఎవరైనా బడి తల్లిదండ్రుల కమిటీలో ఉంటే ఒక పని చెయ్యండి. వచ్చే సమావేశంలో పోయినేడు పళ్లకు ఎంతమందికి చీటీలు రాశారో అడగండి. అందులో ఎంతమందికి వైద్యం జరిగిందో అడగండి. రెండో అంకె రిజిస్టరులో లేదంటే, ఆ గడి గీయించి, పిల్లల పేర్లతో సహా రాయించండి. ఈలోగా ఇంట్లో ఆరేడేళ్ల పిల్ల ఉంటే ఈ రాత్రే నోరు తెరిపించి, చివరి దవడ పన్ను గాడి ఒకసారి లైటు వేసి చూడండి.